కాళ్లకింది షీటు.. గోడమీది బొమ్మ!

మీకు తెలుసా? లినోకట్ బొమ్మలకు వాడే లినోలియం అసలు బొమ్మల కోసం పుట్టిందే కాదు. అది నేల మీద పరుచుకునే షీటు! 19వ శతాబ్దపు ఇంగ్లండులో వంటిళ్లలో, ఆస్పత్రి వరండాల్లో జనం టకటకా తొక్కుతూ తిరిగిన సరుకు అది. తరవాత చిత్రకారుల కంటపడింది. ఉలి తగిలింది, ఇంకు పూశారు, కాగితం నొక్కారు. చెప్పుల కింద ఉండాల్సింది కాస్తా అద్దాల ఫ్రేములోకి ఎక్కి కూర్చుంది. జాతకమంటే దానిది!

మరి లినోలియం పుట్టుక వెనక ఉన్నది ఎవరో తెలుసా? ఒక పెయింటు డబ్బా! మూత సరిగా పడని డబ్బాలో అవిసె నూనె మీద సాగే తొక్క కట్టింది. ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లిషాయన దాన్ని గోకి చూసి, ఇదేదో పనికొచ్చేలా ఉందే అనుకున్నాడు. 1863లో పేటెంటు పుచ్చుకున్నాడు. మనమైతే ఆ తొక్క తీసి గోడవతల పారేసి, డబ్బా మూత పెట్టనందుకు ఇంట్లోవాళ్లని తిట్టేవాళ్లం.

లినోలియంలో ఏమేం పడతాయో చూడండి: అవిసె నూనె, కార్కు పొడి, చెక్కపొట్టు, పైన్ చెట్టు జిగురు, సుద్దపొడి. అడుగున గోనెపట్టా. కాస్త తేనె కలిపితే లేహ్యమే! (కలపకండి. తినకండి.)

అందులో కార్కు కోసం చెట్టు కొట్టరని తెలుసా? బెరడు మాత్రం ఒలుస్తారు. దాదాపు తొమ్మిదేళ్లకు మళ్లీ ఒలవడానికి సిద్ధం. చెట్టు చొక్కా విప్పి మనకిచ్చి, కొత్తది కుట్టించుకుంటుందన్నమాట.

ఇక అవిసె నూనె! క్రికెట్ బ్యాటుకు రుద్దేదీ అదే, తైలవర్ణ చిత్రాల రంగుల్లో కలిపేదీ అదే, లినోలియంలో పోసేదీ అదే. సచిన్‌కీ పికాసోకీ చుట్టరికం ఎక్కడో అక్కడ కలిసింది చూశారా!

ఇది మాత్రం నవ్వులాట కాదు: అవిసె నూనెతో తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. అగ్గిపుల్ల అక్కర్లేదు! నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఉండలోంచి వేడి బయటికి పోలేదు. 1991లో ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల భవనంలో ఎనిమిది అంతస్తుల్ని కాల్చేసిన మంట ఇలాంటి గుడ్డలతోనే మొదలైంది. ఈ నూనె కలిసే ఆయిల్ ఇంకు తుడిచిన గుడ్డను విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూతపడే లోహపు డబ్బాలో వేయండి. చేశాకే మిగతాది చదవండి.

చదువుతున్నారా? సరే. లినోలియం అనే పేరు పెట్టింది వాల్టనే. పోటీ కంపెనీ అదే పేరు వాడుకుంటోందని కోర్టుకెక్కాడు. 1878లో ఓడిపోయాడు! పేరు అప్పటికే జనం నోళ్లలో నానిపోయిందన్నారు. ఏ వనస్పతి అయినా ‘డాల్డా’, ఏ ఫొటోకాపీ అయినా ‘జిరాక్సు’ అనే మనకు ఆ తీర్పు వింతేమీ కాదు లెండి.

స్కాట్లండులో కిర్కాల్డీ అనే ఊరు ఒకప్పుడు లినోలియం ఫ్యాక్టరీల ఊరు. ఊరంతా అవిసె నూనె వాసనే. రైల్లో వచ్చేవాళ్లు బోర్డు చదవక్కర్లేదు, ముక్కు చెప్పేది: దిగండి, ఊరొచ్చింది!

మీకు తెలుసా, చిత్రకారులు కొనుక్కునే మందపాటి బూడిదరంగు లినోకి ‘బ్యాటిల్‌షిప్’ అని పేరు. యుద్ధనౌకల్లో నేలకు పరిచేవాళ్లు మరి! 1941లో పెర్ల్ హార్బర్ దాడి తరవాత, మంట అంటుకుంటే ప్రమాదమని అమెరికా నౌకాదళం దాన్ని పీకించేసింది. నౌకలోంచి దిగిన సరుకు పిల్లల డ్రాయింగ్ క్లాసులో స్థిరపడింది. రిటైరయ్యాక ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందా?

కొత్తగా కొన్న లినో ముక్క మీద పసుపుపచ్చటి ఛాయ కనిపిస్తే పాడైందని కొట్టువాడితో గొడవకు దిగకండి. చీకట్లో ఆరబెట్టినందుకు వచ్చే పొర అది. వెలుతురులో పెడితే దానంతటదే పోతుంది. సబ్బు లేదు, పీచు లేదు. మన చొక్కా మరకలకు ఈ బుద్ధి ఎప్పుడొస్తుందో!

ఇప్పుడు ఉలి పడదాం. ముందు ఒక ప్రశ్న. మీసాల బాబాయి బొమ్మ చెక్కాలి. మీసం దగ్గర ఏం కొయ్యాలి? చెప్పుకోండి చూద్దాం!

మీసం మాత్రం కొయ్యకూడదు! లినోలో కోసిన చోట ఇంకు అంటదు, కాగితం తెల్లగా మిగులుతుంది. కొయ్యకుండా వదిలిందే నల్లగా పడుతుంది. కాబట్టి చుట్టూ ఉన్న చెంపలు కొయ్యాలి, పై పెదవి కొయ్యాలి, మీసాన్ని భక్తిగా వదిలెయ్యాలి. పొరపాటున మీసం చెక్కేశారో, బాబాయికి ఒక్క రాత్రిలో తల.. కాదు, మీసం నెరిసిపోతుంది.

ఇంకో తమాషా తెలుసా? అచ్చులో అంతా తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది. దిమ్మ మీద మీ పేరు చక్కగా, గుండ్రంగా, ముత్యాల్లా చెక్కారనుకోండి, కాగితం మీద తలకట్లన్నీ అటువైపు తిరిగి నిలబడతాయి. ఎటు తిప్పినా మారకుండా నిలబడే గుండెధైర్యం తెలుగులో సున్నకే ఉంది. తోడుగా విసర్గ. ఆ రెండింటితో ఎవరి పేరూ రాదు!

దీనికి విరుగుడు బటర్ పేపరు. దాని మీద మెత్తటి పెన్సిలుతో బొమ్మ గీసి, బోర్లించి లినో మీద రుద్దితే గీతలు తిరగబడి దిగుతాయి. అచ్చు వేసేటప్పుడు మళ్లీ తిరగబడి సరిగ్గా వస్తాయి. రెండు తప్పులు కలిస్తే ఒక ఒప్పు! లెక్కల మాస్టారు ఒప్పుకుంటారు, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్సేగా.

అసలా బాధే వద్దంటే ముగ్గు చెక్కండి. అటూ ఇటూ ఒకేలా ఉండే చుక్కల ముగ్గు తిరగబడినా ముగ్గే. ధనుర్మాసంలో అమ్మమ్మ వాకిట్లో నేర్పింది ఇక్కడ పనికొస్తుందని ఆవిడకి కూడా తెలియదు.

మీకు తెలుసా? చలికి లినో బిరుసెక్కుతుంది. ఉలి దిగదు, దిగితే పెళుసుగా విరుగుతుంది. కాస్త వేడి తగిలితే మెత్తబడుతుంది. అందుకని చలిదేశాల్లో దాన్ని ఇస్త్రీపెట్టెతో, హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెడతారు, దాని మీద కూర్చునేవాళ్లూ ఉన్నారు! రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో ఈ సమస్య రాదు. కిటికీ పక్కన పెట్టి మజ్జిగ తాగి వచ్చేసరికి లినో తయారు. చెక్కేవాడే తయారుగా ఉండడు.

లినో మందం ఎంతో తెలుసా? సుమారు 3 మిల్లీమీటర్లు. చెక్కాల్సింది? సన్న గీతకి ఒక మిల్లీమీటరు చాలు! కొత్తవాళ్లు ఆవేశంగా తవ్వేసి అడుగున గోనెపట్టా దాకా వెళ్తారు. ఇది బావి కాదు బాబూ, నీళ్లు పడవు.

ఉలిని నిటారుగా గుచ్చితే మునుగుతుంది. పడుకోబెట్టి, అరచేతిలో పిడి ఆనించి, చూపుడువేలు పైన పెట్టి మెల్లగా తోస్తే సన్నటి తీగ చుట్టుకుంటూ లేస్తుంది. ‘వి’ ఆకారపు ఉలి గీతలకి, ‘యు’ ఆకారపుది మైదానాలు చదును చెయ్యడానికి. గీత మొదట్లో నొక్కు తక్కువ, మధ్యలో కాస్త ఎక్కువ, చివర పిడిని కొంచెం కిందికి వంచితే మొన పైకి లేచి తీగ తెగిపోతుంది. ఈ చివరి కిటుకు అబ్బితే సగం లినోకట్ వచ్చేసినట్టే. మిగతా సగం ఓపిక, అది కొట్లో దొరకదు.

వంపు గీత ఎలా కొయ్యాలో తెలుసా? ఉలి తిప్పకూడదు. దిమ్మనే తిప్పాలి! ఉలి పట్టిన చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, రెండో చెయ్యి లినోని చక్రంలా తిప్పుతుంది. వృత్తం కోసే మనిషిని పక్కనుంచి చూస్తే స్టీరింగ్ నేర్చుకుంటున్నాడనుకుంటారు.

పదునైన ఉలి కంటే మొండి ఉలే ఎక్కువ ప్రమాదమంటే నమ్ముతారా? మొండిది దిగదు, మనం బలం పెడతాం, జారుతుంది, నేరుగా వేలి మీదికి! అందుకే దిమ్మ పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకి వెనకే ఉండాలి. ఇదొక్కటే లినోకట్‌లో మినహాయింపు లేని నియమం. ఎర్ర ఇంకు విడిగా దొరుకుతుంది, సొంతది వాడనవసరం లేదు.

లినోకి చెక్కలాగా నార ఉండదు. ఎటు కోసినా ఒకేలా తెగుతుంది. టేకు దిమ్మ చెక్కేవాళ్లకి వినిపిస్తే కుళ్లుకుంటారు. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకానికి దిమ్మల్ని టేకుచెక్కలోనే చెక్కుతారు, అదీ ఒక్కో రంగుకి ఒక్కో దిమ్మ! ఉబ్బెత్తుగా ఉన్నదే రంగు పట్టుకుంటుందనే సూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే. అంటే మనవాళ్ల దృష్టిలో లినోకట్ నిన్న మొన్న పుట్టిన పిల్లకాయ.

లినో దొరకలేదా? పెన్సిలు రబ్బరు మీద మొదలుపెట్టండి. అదీ లేదా? బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దండి. బళ్లో మనందరం చేసిందే. లోకంలో చెక్కనక్కర్లేని ఏకైక అచ్చుదిమ్మ, పనయ్యాక.. రంగు అంటని సగం వేపుడు.

ఇంకు సరిపడా పరుచుకుందని ఎలా తెలుస్తుంది? చెవితో! అద్దం పలక మీద రోలరు దొర్లిస్తుంటే ముందు పచపచమని జిగట చప్పుడొస్తుంది. అది ఎక్కువైనట్టు. పలచబడేకొద్దీ ‘సుయ్’మని సన్నగా, సమానంగా వినిపిస్తుంది. అప్పుడు దిమ్మకి పట్టించాలి. ఇంకు ఎక్కువైతే సన్న గీతలన్నీ పూడిపోయి, ఆరు గంటలు చెక్కిన నెమలి కాకి అయి కూర్చుంటుంది.

అచ్చు యంత్రం లేదా? చెంచా ఉందిగా! కాగితం పరిచి చెంచా వీపుతో గుండ్రంగా రుద్దితే చాలు. జపాన్ వాళ్లకి దీనికోసమే వెదురు పొర చుట్టిన ‘బారెన్’ అనే చేతి బిళ్ల ఉంది. మనకి స్టీలు గరిటె ఉంది. వంటింట్లోంచి మాయమైందని ఇంట్లో వెతుకుతారు, అంతే తేడా.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాడెన్ అనే పెద్ద చిత్రకారుడు దిమ్మల మీదెక్కి కాళ్లతో తొక్కి అచ్చులు వేసిన సందర్భాలున్నాయి. తొక్కడానికి పుట్టిన లినోని మళ్లీ తొక్కడమే! దానికి పుట్టింటికొచ్చినట్టుండి ఉంటుంది.

ఇంకా పెద్ద దిమ్మయితే? రోడ్డు రోలరు! అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో పెద్ద పెద్ద లినో దిమ్మలకి ఇంకు పూసి, కాగితం కప్పి, మీదుగా రోలరు నడిపిస్తారు. మన వీధిలోకి ఎలాగూ ఎన్నికలప్పుడే వస్తుంది కాబట్టి, బొమ్మ అప్పటికి చెక్కి ఉంచుకోండి.

అదీ చాలదా? జర్మన్ కళాకారుడు థామస్ కిల్పర్ 2009లో బెర్లిన్‌లో, పాత తూర్పు జర్మనీ గూఢచారి శాఖ కార్యాలయంలో నేలకి పరిచిన షీటునే దిమ్మ చేసి చెక్కేశాడు. వందల చదరపు మీటర్లు! అద్దె ఇంట్లో ప్రయత్నించకండి. అడ్వాన్సు తిరిగి రాదు.

కాస్త చరిత్రలోకి తొంగిచూద్దాం. లినోకి పెద్దమనిషి హోదా ఇచ్చిన బృందాల్లో 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన ‘డీ బ్రూకె’ ఒకటి. దాన్ని పెట్టిన నలుగురూ ఆర్కిటెక్చర్ విద్యార్థులు! వాళ్లలో ఒకడైన కిర్చ్‌నర్ తొలి స్టూడియో ఒకప్పటి మాంసం దుకాణం. ఇంజనీరింగ్ చదివి సినిమాల్లోకి దూకే మన కుర్రాళ్లకి పూర్వీకులు దొరికారు.

క్లాడ్ ఫ్లైట్ పేరు విన్నారా? ఇంజనీరు, లైబ్రేరియన్, రైతు, తేనెటీగల పెంపకందారు.. ఇవన్నీ అయ్యాక ముప్ఫై దాటి బొమ్మలు నేర్చుకున్నాడు. 1926 నుంచి లండన్ గ్రోవెనర్ స్కూల్లో లినోకట్ పాఠాలు. ఉలి కొనడానికి డబ్బుల్లేవా? విరిగిన గొడుగు ఊచని అరగదీసి వాడమన్నాడు! ఊచ గాడి చూడండి, సన్నటి ‘యు’ ఉలి అచ్చంగా అదే. వేసవిలో ఫ్రాన్సులో ఒక రాతియుగపు గుహలో మకాం. అద్దె గొడవ లేదు!

ఆయన కోరిక ఇంకా గొప్పది: లినోకట్ ఖరీదు మామూలు మనిషి తాగే బీరు, చూసే సినిమా టికెట్టు అంతే ఉండాలన్నాడు. మరి ఇప్పుడు? ఆయన శిష్యురాలు సిబిల్ ఆండ్రూస్ అచ్చులు వేలంలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. బీరు రేటు పెరిగిందని మనం ఏడుస్తున్నాం!

ఆ సిబిల్ ఆండ్రూస్ మొదటి ప్రపంచయుద్ధంలో విమాన భాగాలకి వెల్డింగ్ చేసిందని తెలుసా? రబ్బరంత మెత్తటి లినో ఆవిడకో లెక్కా?

క్లాడ్ ఫ్లైట్ పుట్టిన 1881లోనే పుట్టిన ఇంకొకాయన ఉన్నాడు. పేరు పికాసో. ఈయన లినోలో దుమ్ము దులిపింది ఎప్పుడో తెలుసా? డెబ్బై ఏడేళ్లకి! పెన్షనర్లు వినండి.

అంతకుముందు దక్షిణ ఫ్రాన్సులో వల్లోరిస్ అనే కుండల ఊళ్లో కొన్నేళ్లు ఉన్నాడు. అక్కడి కుర్ర ప్రింటరు హిడాల్గో ఆర్నేరా ఈయన దిమ్మలకి అచ్చు వేసిపెట్టేవాడు. 1958లో క్రానాక్ అనే పాతకాలపు చిత్రకారుడి బొమ్మనొకదాన్ని రంగుల్లో చెక్కాలనుకుని రంగు రంగుకీ వేరే దిమ్మ చేశాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగితే పెదవి రంగు చెంపకెక్కుతుంది. పికాసోకే విసుగొచ్చింది!

మరుసటేడాది ఏం చేశాడో చూడండి. ఒకే దిమ్మ. ముందు తెల్లగా ఉండాల్సినవి కోసి, పసుపు ఇంకుతో కావలసినన్ని కాగితాలూ అచ్చేశాడనుకోండి. తరవాత పసుపుగా మిగలాల్సినవి కూడా కోసేసి, అదే దిమ్మతో అవే కాగితాల మీద ఎరుపు. మళ్లీ ఎరుపుగా ఉండాల్సినవి కోసేసి నలుపు. ఆఖరి రంగు పడేసరికి బొమ్మ పూర్తి, దిమ్మ హతం! వెనక్కి వెళ్లే దారే లేదు. ఈ పద్ధతికి ప్రింటర్లు పెట్టిన ముద్దుపేరు ‘ఆత్మహత్య ప్రింటు’. ఇరవై ప్రతులు కావాలంటే మొదటి రంగే పాతిక కాగితాల మీద వెయ్యాలి. మధ్యలో నాలుగైదు పాడవడం ఖాయం, పదకొండో రంగు దగ్గర గుర్తొస్తే లాభం లేదు.

ఈ పద్ధతి పికాసో కనిపెట్టలేదు, పేరు మాత్రం ఆయనకొచ్చింది. పేరున్నవాడికే ఇంకో పేరు!

అక్కడితో ఆగాడా? తెల్ల ఇంకుతో అచ్చేసి, దానిపై నల్ల సిరా పోసి, స్నానాలగదిలో షవరు కింద కడిగేశాడు. తెల్ల ఇంకు ఉన్నచోట సిరా జారిపోయి, మిగతా చోట నిలబడి బొమ్మ తేలింది! కొత్తగా నేర్చుకునేవాళ్లు నలుపు తెలుపుతోనే ఆగడం మంచిదని నా ఓటు. బాత్రూము తెల్లటి టైల్స్ ఓటు కూడా అదే.

లెక్కల బుర్రల్ని తిప్పేసే బొమ్మల ఎషర్ తెలుసుగా, మెట్లెక్కుతూనే దిగిపోయే మనుషులు! ఆయన తొలి అచ్చుబొమ్మ లినోకట్. 1916లో చెక్కిన వాళ్ల నాన్న ముఖం. తరవాత హైస్కూలు ఆఖరి పరీక్ష తప్పాడు. నాన్నగారి ముఖంలో అప్పుడు మారిన రంగులు మాత్రం ఏ దిమ్మకీ ఎక్కలేదు.

మన దేశంలో అందరికీ తెలిసిన లినోకట్ ఏది? చేతికర్రతో అడుగేస్తున్న గాంధీగారు! 1930 దండియాత్ర ఏడాది నందలాల్ బోస్ చెక్కిన ‘బాపూజీ’. నల్లటి నేపథ్యంలో తెల్లటి గీతలు, అంతే. గమనించారా? మనం ఇందాక చెప్పుకున్న మీసం లెక్క ఇక్కడ తలకిందులు: చుట్టూ వదిలేసి మనిషినే గీతల్లో కోశాడు. కొత్తవాళ్లకి సులువైన దారి కూడా ఇదే. తక్కువ కోత, ఎక్కువ బొమ్మ. గాంధీగారి పొదుపుకి తగ్గ పద్ధతి!

అదే ఏడాది టాగూర్ బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’కి బొమ్మలు చెక్కింది కూడా ఈ నందలాలే. అ ఆలు నేర్చుకునే పిల్లలకి శాంతినికేతన్ మాస్టారి లినోకట్లు. మన పలకా బలపం వెలవెలబోయాయి.

చిత్తప్రసాద్ తెలుసా? ఇంటిపేరు కులాన్ని చెబుతోందని దాన్ని చెక్కి పారేసిన బెంగాలీ చిత్రకారుడు. బాల కార్మికుల మీద లినోకట్ల వరసే చేశాడు. ఆ పిల్లల కళ్లు చూశాక ఈ పేరాకి జోకు పెట్టబుద్ధి కావట్లేదు.

మెక్సికోలో 1937లో కొందరు చిత్రకారులు ఒక ప్రజా అచ్చుశాల పెట్టి గోడపత్రాలు, కరపత్రాలు లినోలో చెక్కి గుట్టలుగా పంచారు. చవకగా అవుతుంది, తొందరగా అవుతుంది మరి. అక్కడికొచ్చి చేరిన ఆఫ్రికన్ అమెరికన్ ఎలిజబెత్ కాట్లెట్ 1952లో చెక్కిన కౌలురైతు స్త్రీని చూడండి. తలమీద గడ్డి టోపీ, ముఖంలో తొణకని తీరు. కోటుకి గుండీ లేదు, పిన్నీసు! ఆ పిన్నీసు వంపు కోయడానికి ఉలిని ఎంత అదుపులో పెట్టాలో, ఒక్కసారి లినో పట్టినవాళ్లకే తెలుస్తుంది. మన ఇళ్లలో గాజులకి వేలాడే పిన్నీసుకి మ్యూజియం గౌరవం!

ఇక చివరి మెట్టు. అచ్చులు దండేనికి క్లిప్పులతో వేలాడుతున్నాయి. వాటర్ ఇంకయితే గంటల్లో ఆరుతుంది, ఆయిల్ ఇంకయితే రోజులు పడుతుంది. ‘ఆరిందా’ అని వేలితో ముట్టుకున్నవాడి వేలిముద్ర బొమ్మలో ఉచితం.

ఆరాక కింద పెన్సిలుతో సంతకం పెట్టి అంకె వేస్తారు. పెన్నుతో కాదు, పెన్సిలుతోనే! పెన్ను సిరా ఏళ్లు గడిస్తే వెలుస్తుంది, పెన్సిలు వెలవదు. మొత్తం ఇరవై ప్రతుల్లో ఇది మూడోదయితే 3/20 అని రాస్తారు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మీరు మురిసిపోతూ చూపించిన బొమ్మ కింద ఆ అంకె చూసి, ‘ఇరవైకి మూడా! ట్యూషన్ పెట్టించాల్సిందే’ అంటారు.